నూరుకాళ్ళ జెర్రి: టీకా తాత్పర్య సహితం

మూలం: కడలియొడ్డున రాయెత్తగ నూరుకాళ్ళ జెర్రి కన్నెఱ్ఱజేసి కఱవ వచ్చెను.

ఇది పద్యం కాదు. పురుగును చూసి ఉలిక్కిపడ్డవాడెవడో అన్న మాట. అయినా మూలం మూలమే కనుక టీకాకారుడు పదం పదం విప్పక తప్పదు. కడలి అనగా ఇక్కడ ఉత్తర సముద్రం. ఒడ్డు, స్కాట్లాండ్ ఈశాన్యాన బ్రోరా దగ్గరి గులకరాళ్ళ తీరం. జెర్రి అనగా స్ట్రిగామియా మారిటిమా. 1817లో లీచ్ అనే ఇంగ్లిష్ శాస్త్రజ్ఞుడు దీన్ని లోకానికి పరిచయం చేశాడు.

‘నూరుకాళ్ళ’ అన్న చోట టీకాకారుడి కలం ఆగుతుంది. నూరు కాళ్ళంటే యాభై జతలు. జెర్రి జాతికి సహజంగా జతల లెక్క బేసి. మన ఇళ్ళల్లో వానాకాలం గోడవార పాకే పెద్ద జెర్రికి 21 జతలు, అంటే 42 కాళ్ళే. ఈ తీరపు జెర్రికి 49 జతలుంటే 98 కాళ్ళు, 51 ఉంటే 102. నూరు దగ్గరికొచ్చి రెండు తక్కువో, రెండు ఎక్కువో! పైగా ఆడదానికి మగదానికన్నా సగటున ఒకటి రెండు జతలు ఎక్కువ. పిండం వెచ్చగా పెరిగితే జతలు కాస్త పెరుగుతాయి. బ్రిటన్‌లో దక్షిణానికి పోయేకొద్దీ లెక్క పెరగడమూ కనిపించింది. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఎన్ని జతలో, చచ్చేదాకా అన్నే. శతపది అని పేరుపెట్టిన పండితుడు కూర్చుని లెక్కపెట్టలేదన్నమాట.

‘కన్నెఱ్ఱజేసి’. దీనికి కళ్ళే లేవు, ఇక ఎర్రజేసేదేమిటి? 2014లో దీని జన్యుపటం వెలువడింది. బహుపాదుల్లో అదే మొదటిది. చూపుకు కావలసిన జన్యువులు, రాత్రీ పగలూ తెలిపే లోగడియారపు జన్యువులు అందులో కనిపించలేదు. కావున ఇది అతిశయోక్తి అలంకారం కూడా కాదు, శుద్ధ అబద్ధం.

‘కఱవ’ అనడమూ చెల్లదు. విషం వదిలేది నోరు కాదు, మొదటి జత కాళ్ళు. అవే కొండ్లుగా మారాయి. వాటి గురి మనిషి కాదు, నత్తలు, రాళ్ళకంటుకున్న బార్నకిల్స్, ఇసుకలో గెంతే రొయ్యజాతి పురుగులు.

పోనీ, కడలిజీవి అందామా? ఊపిరి పీల్చేది ఒంటి పక్కలనున్న రంధ్రాలతో, అదీ గాలినే. పోటు నీళ్ళలో గంటల తరబడి మునిగినా బతుకుతుంది కానీ, నివాసం పోటుగీత దగ్గరి రాళ్ళ కిందే.

విశేషం: వేసవి మొదట్లో తల్లి రాళ్ళ కింద గుడ్లు పెట్టి చుట్టుకుని కాపలా కాస్తుంది. ఇంటి జెర్రి పొట్టవైపు గుడ్లను పొదువుకుంటే, ఇది గుడ్లవైపు వీపు తిప్పి, కాళ్ళు బయటికి పెట్టుకుంటుంది. లోకరీతికి విరుద్ధమని ఆక్షేపించేవాళ్ళు జెర్రినే అడగాలి.

తాత్పర్యం: పోటుగీత దగ్గర రాయి ఎత్తితే, తొంభై ఎనిమిది కాళ్ళ గుడ్డిజెర్రి కింది సందులోకి జారుకున్నది. మూలంలో నిలిచింది ‘రాయెత్తగ’ ఒక్కటే. ఆ రాయి మళ్ళీ దింపినట్టు మాత్రం ఎక్కడా లేదు.