ఏడు నిమిషాల చూపు

హుస్నాబాద్ బస్టాండుకు కొద్ది దూరంలో ఒక చిన్న నర్సింగ్ హోమ్ ఉంది. దాని మేడ మీది గదిలో, అద్దాల బీరువాలో నేను నిలువుగా వేలాడుతూ ఉంటాను. చుట్టచుట్టి పెడితే లోపల తడి నిలిచి క్రిములు పెరుగుతాయి. నేను గ్యాస్ట్రోస్కోపును. ఎల్లమ్మ చెరువు వైపు నుంచి, కోహెడ, అక్కన్నపేట నుంచి వచ్చేవాళ్లకు మాత్రం 'కడుపుల ఏసే పైపు'ను.

మీటరుకు కాస్త ఎక్కువ పొడవు, చిటికెన వేలంత లావు ఉంటాను. కొసన కెమెరా, దీపం, నీళ్లు చిమ్మే రంధ్రం ఉన్నాయి. పొడవునా 2.8 మిల్లీమీటర్ల సన్నని దారి ఒకటి ఉంది. సూదులు, ఉచ్చులు, కత్తులు అందులోంచే వెళ్తాయి. ఒంటి మీద సెంటీమీటర్ల గీతలున్నాయి. రోగి పళ్ల దగ్గర 40 అంకె కనిపించిందంటే నా కన్ను అన్నవాహిక దాటి జీర్ణాశయం గడపలో ఉన్నట్టే.

నేను పుట్టింది జపాన్‌లోని ఐజులో, ఒలింపస్ కార్ఖానాలో. మా వంశం మాత్రం జర్మనీలో మొదలైంది. 1868లో కుస్మాల్ అనే డాక్టరు, కత్తులు మింగే గారడీవాడి గొంతులోకి తిన్నని గొట్టం దింపి చూశాడు. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్, గాజు పోగులతో వంగే గొట్టం తయారుచేసి ముందు తన గొంతులోకే దింపుకున్నాడు. ఆ ధైర్యానికి నేను రోజూ మొక్కుతాను. జపాన్‌లో జీర్ణాశయ క్యాన్సర్లు ఎక్కువ కాబట్టి, అక్కడివాళ్లు చిన్న మచ్చను కూడా వదలకుండా వెతకడం నేర్చుకున్నారు. కనిపెట్టినదాన్ని కడుపు కోయకుండా తీసే విద్య కూడా అక్కడే పెరిగింది.

ఆ విద్యను నేను హైదరాబాద్‌లో చూశాను. నగరానికి ఈ రంగంలో పెద్ద పేరుంది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నిలబెట్టిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డికి 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ వచ్చాయి. ఆయన, సర్జన్ జి.వి. రావు కలిసి నోటి ద్వారా వెళ్లి, జీర్ణాశయం గోడలోంచి దారి చేసుకుని అపెండిక్స్ తీసినప్పుడు ప్రపంచం ఇటు తిరిగి చూసింది. నేను పనిచేసింది వేరే ఆసుపత్రిలో. కానీ ఆ గాలి అంతటా వీచింది.

ఆ ఆసుపత్రిలో జరిగిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. ఒక ఉదయం బయట బెంచీల నిండా జనం. ఒక మనిషి కడుపులోంచి నన్ను నాలుగు నిమిషాల్లో బయటికి లాగేశారు. జీర్ణాశయం మూల మలుపులో నురుగు పేరుకుని ఉంది. దాన్ని ఎవరూ కడగలేదు. దాని కింద చిన్న ఎర్రమచ్చ ఉందని తెలిసింది ఏడాదిన్నర తర్వాత, అదే మనిషి సగమై వచ్చినప్పుడు. అప్పటికి పుండు గోడ దాటింది. గొట్టం లోపలికి వెళ్లి బయటికి వచ్చేదాకా కనీసం 7 నిమిషాలు చూడాలని యూరప్ ఎండోస్కోపీ వైద్యుల సంఘం నియమం పెట్టింది. ఆ మూడు నిమిషాలు ఆ మనిషికి దక్కి ఉంటే అని నేను అనుకోని రోజు లేదు.

ఆ తర్వాత కొన్నేళ్లకు హుస్నాబాద్ వచ్చాను. ఇక్కడి సారు నెమ్మదిగా చూస్తాడు. ముందు నురుగు విరిగే మందు తాగిస్తాడు, కనిపించిన ప్రతి మడతనూ కడుగుతాడు.

అక్కన్నపేట వైపు ఊరి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. భర్త కల్లు గీత కార్మికుడు. ఆరేడేండ్ల సంది కడుపుల మంటకు గ్యాస్ గోలీలే మింగుతోంది. ఈమధ్య చిక్కిపోయింది, రక్తం తక్కువైంది.

"నాకు గ్యాసే గద బిడ్డా, గీ పైపెందుకు?" అంది.

"ఏం గాదు పెద్దమ్మా, జర మింగినట్టు చెయ్యి, ముక్కుతోని గాలి పీల్చుకో" అన్నాడు టెక్నీషియన్, గొంతు మొద్దుబారే మందు కొడుతూ.

జీర్ణాశయం కిందిభాగంలో, చిక్కుడు గింజంత మేర గోడ ఎర్రగా, కొద్దిగా ఉబ్బి కనిపించింది. సారు బటన్ నొక్కాడు. నా దీపం నీలం, ఆకుపచ్చ వెలుగులకు మారింది. ఆ వెలుగులను రక్తం ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి సన్నని రక్తనాళాలు ముదురు రంగులో తేలతాయి. ఆ మచ్చ హద్దు గీసినట్టు కనిపించింది. రెండు చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపాడు. ఇంకో ముక్కను పసుపు రంగు కిట్‌లో వేస్తే కాసేపటికి అది గులాబీ రంగుకు తిరిగింది. అంటే హెలికోబాక్టర్ పైలోరీ ఉంది. జీర్ణాశయ క్యాన్సర్లకు పెద్ద కారణం ఆ క్రిమే.

రిపోర్టులో 'హై గ్రేడ్ డిస్‌ప్లేసియా' అని వచ్చింది. క్యాన్సర్ గడప మీద నిలబడ్డ కణాలన్నమాట. కొడుకు ఆమెను బస్సెక్కించుకుని హైదరాబాద్ జేబీఎస్‌లో దిగి పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ కడుపు కోయకుండానే ఆ మచ్చను తీశారు. ఆ పని నాకు తెలుసు, నేనూ చేసినదాన్నే. ముందు మచ్చ చుట్టూ, కొంచెం ఎడంగా, వేడితో చుక్కలు పెడతారు. సూదితో నీలిరంగు కలిపిన సెలైన్‌ను పైపొర కిందికి ఎక్కిస్తారు. పొర మెత్తలా లేచి కండరానికి దూరమవుతుంది. అప్పుడు సన్నని విద్యుత్ కత్తితో చుట్టూ కోసి, కింది నుంచి పొరను విడదీస్తారు. కత్తి కొన కండరాన్ని చీల్చకుండా కొసన పింగాణీ గోళీ పెట్టిన కత్తిని టోక్యో జాతీయ క్యాన్సర్ కేంద్రం వాళ్లు 1990లలో తెచ్చారు. రక్తం కారవచ్చు, గోడకు చిల్లు పడవచ్చు. దానికి క్లిప్పులు సిద్ధంగా ఉంటాయి. తీసిన ముక్కను థర్మోకోల్ మీద గుండుసూదులతో పరిచి ఫార్మలిన్‌లో వేస్తారు. వేరు ఎంత లోతు దిగిందో మైక్రోస్కోపు చెబుతుంది. లోతుగా దిగి ఉంటే ఆపరేషన్ తప్పదు, అది దాచకూడని మాట.

పెద్దమ్మది పైపొరలోని మచ్చ. పొర కింద నున్నగా లేచే గడ్డలు వేరు. అన్నవాహికలో ఎక్కువగా లియోమయోమా అనే కండర గడ్డ కనిపిస్తుంది, చాలావరకు హాని చేయదు. కొవ్వు గడ్డనైతే కదపనక్కర్లేదు. ఏ పొరలోంచి పుట్టిందో తేల్చడానికి అల్ట్రాసౌండ్ ఉన్న నా తోబుట్టువును పంపుతారు. కండరంలోంచి పుట్టిన చిన్న గడ్డలకు పొర కింద సొరంగం తవ్వి, గడ్డ తీసి, వాకిలి క్లిప్పులతో మూసే పద్ధతిని షాంఘై వైద్యులు వృద్ధి చేశారు. జపాన్ వైద్యుడు ఇనోయ్ 2008లో అన్నవాహిక కండరానికి చేసిన సొరంగ చికిత్స దానికి దారి చూపింది.

పెద్దమ్మ ముక్కలో వేరు పైపొర దాటలేదు. క్రిమికి మందుల కోర్సు, పుండు మానడానికి ఆమ్లం తగ్గించే గోలీలు ఇచ్చి ఇంటికి పంపారు. ఆరు నెలలకు మళ్లీ నన్ను మింగింది. ఎర్రమచ్చ ఉన్నచోట తెల్లని మచ్చ, దాని చుట్టూ మడతలు నక్షత్రంలా కూడుకుని ఉన్నాయి. లేచి కూర్చుని సారుతో అంది: "మా ఇంటాయన తాటిగెల చెక్కినట్టే సన్నగ చెక్కి తీసిన్రట గద సారూ. చెట్టుకేం గాలే."

 ఆమె వెళ్లాక టెక్నీషియన్ నాలో గాలి నింపి నీళ్లలో ముంచి, సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టు బుడగలు వస్తున్నాయేమోనని చూశాడు. తర్వాత నా లోపలి దారిని బ్రష్షుతో తోమి, క్రిమిసంహారకంలో నానబెట్టి, ఆరబెట్టి బీరువాలో పెట్టాడు. ఒకరి కడుపులోంచి ఇంకొకరి కడుపులోకి నేను వెళ్లే తీరు ఇది. భయపడేవాళ్లు అడిగి చూడవచ్చు.

మింగుడు పడకపోతే, మలం నల్లగా వస్తే, తెలియకుండా బరువు తగ్గితే, రక్తం తక్కువైతే, యాభై దాటాక కొత్తగా మంట మొదలైతే, ఇంట్లో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ ఉండి ఉంటే గోలీలతో నెలలు వెళ్లదీయకండి. రాత్రి పెందలాడే తిని, పొద్దున ఏమీ తినకుండా ఖాళీ కడుపుతో రండి.