రెండు వందల గ్రాములు

నేను వేలాడే కాటాని. స్టాకు రిజిస్టర్లో నా పేరు సాల్టర్ స్కేలు. గుండ్రటి తెల్ల ముఖం, అంచున సున్నా నుంచి 25 కిలోల దాకా గీతలు, గీతకీ గీతకీ మధ్య 100 గ్రాములు, నడుమ ఒక నల్ల ముల్లు, లోపల ఒక స్ప్రింగు. పై కొక్కేన్ని దూలానికి తగిలిస్తారు, కింది కొక్కేనికి గుడ్డ జోలె కడతారు. జోలెలో కూర్చోబెట్టగానే బిడ్డ కాళ్లు గాల్లో తేలిపోతాయి. బెదిరి గింజుకుంటుంది, నా ముల్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు సద్దుమణిగే దాకా ఆగి, నా ముఖానికి ఎదురుగా నిలబడి చదివితేనే లెక్క సరిగా వస్తుంది. తొందరపడి కిందనుంచి తలెత్తి చూస్తే వందో రెండొందలో తప్పిపోతుంది. మా ఆంగన్‌వాడీ దీదీ ఎప్పుడూ తొందరపడదు. కథ నాదే అయినా చెప్పేదంతా ఆమె గురించే.

మాది ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, బస్తర్లో అట్టడుగున ఉన్న సుక్మా జిల్లా, కోంటా బ్లాకు. ఒకప్పుడు బస్తర్ మొత్తం ఒకే జిల్లా, కేరళ కన్నా పెద్దది. 1998లో మూడు జిల్లాలైంది. ఆ తర్వాత మళ్లీ చీలికలొచ్చి, 2012లో సుక్మా విడిగా ఏర్పడింది. ఇటు ఒడిశా మోటు, అటు ఆంధ్రా చింతూరు, నడుమ శబరి నది. మా ఊళ్లో దోర్లలే ఎక్కువ. వాళ్ల కోయ మాటలో తెలుగు బాగా కలిసిపోయి ఉంటుంది. కోంటా సంతకి వెళ్లినా, ఒంట్లో బాగాలేక భద్రాచలం ఆసుపత్రికి వెళ్లినా తెలుగుతోనే పని నడిచిపోతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి తన్ని కోంటాని ముంచేసింది. ఆ నీళ్లు మా గదిలోకీ వచ్చాయి. నా కింది కొక్కేనికి పట్టిన తుప్పు అప్పటిదే.

నేనుండేది ఆంగన్‌వాడీ కేంద్రంలో. ఒక గది, ఒక వసారా, పక్కన వంటపాక. గోడ మీద హిందీ అక్షరాల పక్కన ఏనుగు, దానిమ్మ, ఒంటె బొమ్మలు. మా పిల్లల్లో ఒంటెని చూసినవాళ్లు లేరు. దీదీ వచ్చిన కొత్తలోనే దాని పక్కన బొగ్గుముక్కతో ఒక ఉడుమును గీసింది. అంతవరకూ గోడవైపు చూడని పిల్లలు ఆ రోజు గోడ దగ్గర్నుంచి కదల్లేదు.

దీదీకి ఇరవై నాలుగు నిండలేదు. 2005లో మావోయిస్టుల మీదికి ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఈ వైపు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకి తరలించారు, కొందరు అడవిలోనే తలదాచుకున్నారు, వేలమంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి పోయి పాకలు వేసుకున్నారు. మా దీదీ అమ్మ చంకలో సరిహద్దు దాటింది. ఆమె ఆటపాటల వయసంతా ఏ ఊరి లెక్కలోనూ లేని ఒక పాకలో గడిచింది. అక్కడ ఆమెను తూచినవాళ్లు లేరు, పిలిచి గుప్పెడు పప్పన్నం పెట్టినవాళ్లూ లేరు. 2011లో సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పిన రోజుల్లో కుటుంబం వెనక్కి వచ్చింది. వెదురు తడికెలతో కట్టిన పోటా క్యాబిన్ బడిలో, తనకన్నా చిన్నపిల్లల పక్కన ఆమె ఒకటో తరగతిలో కూచుంది. పన్నెండు పాసై, 2023లో ఈ కేంద్రంలో కార్యకర్తగా చేరింది. ఇదంతా మధ్యాహ్నాలు పప్పులో రాళ్లు ఏరుతూ సహాయిక పెద్దమ్మతో చెప్పుకుంటుంటే విన్నాను. తను పోగొట్టుకున్న ఆ నాలుగైదేళ్లే ఆమెను ఈ పనిలోకి తెచ్చాయని నా నమ్మకం.

పొద్దున వచ్చీ రాగానే ఊరిమీద పడుతుంది. ఇంటింటి ముందూ నిలబడి పిలుస్తుంది, ఒకణ్ని చంకనేసుకుంటుంది, ఇంకొకణ్ని వేలు పట్టి నడిపిస్తుంది. వచ్చినవాళ్లకి చేతులు కడుగుతుంది, ముక్కులు తుడుస్తుంది. తర్వాత పాట. హిందీ పాట పాడితే పిల్లలు ఆమె నోటివైపు గుడ్లప్పగించి చూస్తారు. ఇంటి మాటలో అదే పాట కట్టి పాడితే పైకప్పు ఎగిరిపోయేట్టు అందుకుంటారు. వీలున్నచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే నేర్పాలని 2020 విద్యా విధానంలో ఉందని శిక్షణలో చెప్పినప్పుడు ఆమెకి ఎంత ధైర్యం వచ్చిందో, తిరిగొచ్చాక పాడిన గొంతులో తెలిసింది.

లెక్కలకి చింతగింజలు. నేల మీద సుద్దతో మూడు గుండ్రాలు గీస్తుంది. ఒకదాంట్లో ఒకటి, ఒకదాంట్లో రెండు, ఒకదాంట్లో మూడు పెట్టమంటుంది. చేరిన దగ్గర్నుంచీ ఎవరితోనూ మాట కలపని ఒక పిల్లాడున్నాడు. వాడు ఒకరోజు మూడు గుండ్రాల్లోని గింజలూ ఒక్కచోట పోసి, తనలో తను లెక్కపెట్టుకుని, "ఆరు" అన్నాడు. కూడికలు వాడికి ఎవరూ చెప్పలేదు. దీదీ వాణ్ని ఎత్తుకుని వంటపాకలోకి పరుగెత్తింది, పెద్దమ్మకి మళ్లీ చెప్పించింది. ఆ పూట పొయ్యి మీద ఖిచిడీ అడుగంటింది, అయినా ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

అన్ని రోజులూ అలా ఉండవు. నెల జీతం ఒక్కోసారి నెలలు దాటి వస్తుంది. 2023 నుంచి మా రాష్ట్రంలో కార్యకర్తకి పది వేలు, సహాయికకి ఐదు వేలు అన్నారు. అది జీతం కాదు, గౌరవ వేతనమట. ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్ నింపాలంటే సిగ్నలు కోసం చెరువుగట్టు ఎక్కాలి. పిల్లలు ఇంటికి పోయాక, ఎండలో, ఒక చేత్తో ఫోను పైకెత్తి పట్టుకుని గట్టు మీద ఆమె అటూ ఇటూ తిరుగుతుంటే కిటికీలోంచి కనిపిస్తుంది. బ్యాటరీతో నడిచే కొత్త తూకం యంత్రం వచ్చింది గానీ, బ్యాటరీ అయిపోయిన రోజున మళ్లీ దూలానికి ఎక్కేది నేనే.

ఇప్పపూల కాలంలో మరో కష్టం. తెల్లారకముందే తల్లులు బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి పోతారు, పిల్లలూ వెంట పోతారు. కేంద్రం ఖాళీ. మొదటి ఏడు దీదీ ఖాళీ గదిలో కూచుని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత శిక్షణలో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్‌ల గురించి విన్నది. మహారాష్ట్రలో కోస్బాడ్ కొండ మీద వార్లీ ఆదివాసీ పిల్లలు బడికి రాలేకపోతే, ఆ ఇద్దరూ బడినే పిల్లల ముంగిట్లోకీ పశువులు మేసే బీళ్లలోకీ తీసుకెళ్లారు. ఆంగన్‌వాడీ అనే ఆలోచనకి బీజం వేసింది వాళ్లే. మరుసటి మార్చిలో దీదీ చింతగింజల సంచీ, జావ గిన్నె, నన్ను మోసుకుని ఇప్పచెట్ల కిందికే నడిచింది. నన్ను కొమ్మకి కట్టారు. గాలికి ఊగుతూ తూచడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. కానీ ఆ నెల ఒక్క బిడ్డ తూకమూ తప్పిపోలేదు.

ఇప్పపూలు పిల్లల్ని ఊరి పొలిమేర దాటి తీసుకెళ్లవు. మిర్చి తీసుకెళుతుంది. తెలుగువాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్పాలనుకున్నది ఈ మాటే. సంక్రాంతి దాటగానే ట్రాక్టర్లు, ట్రాలీ ఆటోలు వచ్చి కోంటా వైపు రోడ్ల మీద ఆగుతాయి. వంటసామాను, దుప్పట్లు, కోళ్లు, పిల్లలతో సహా జనం ఎక్కుతారు. భద్రాచలం, చర్ల, వెంకటాపురం, ఏటూరునాగారం చేలల్లో మిరపకాయ ఏరడానికి సుక్మా, బీజాపూర్ ఊళ్ల జనం ఏటా పోతారు. చేను గట్టున బరకం కప్పిన పాక. చెట్టుంటే చీర ఉయ్యాల, లేకపోతే చాళ్ల మధ్యే పసిబిడ్డ. ఘాటుకి దగ్గు, కళ్ల మంట. పొద్దున వండిన అన్నంలోనే రాత్రికీ నీళ్లు పోసుకుంటారు. 2020 ఏప్రిల్లో, లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిర్చి చేనునుంచి బీజాపూర్లోని ఇంటికి నడుచుకుంటూ బయల్దేరిన పన్నెండేళ్ల పిల్ల దారిలోనే చనిపోయింది. ఆ వార్త నాలుగు రోజులు దేశమంతా మోగింది. ట్రాక్టర్లు మాత్రం ఏటా వస్తూనే ఉన్నాయి.

మా కేంద్రంలో ఒక ఆడపిల్ల ఉంది. మూడేళ్లు నిండిన జనవరిలో నా ముల్లు ఆమెకి సరిగ్గా 11 కిలోలు చూపింది. ఎదుగుదల చార్టులో అది ఆకుపచ్చే, కానీ బరువు తక్కువని చెప్పే పసుపు గీతకి ఆనుకుని ఉన్న ఆకుపచ్చ. ఆ వయసులో మూడు నెలలకి బిడ్డ దాదాపు అర కిలో పెరగాలి. ఏప్రిల్లో మిర్చినుంచి తిరిగొచ్చిన రోజు జోలెలో కూచోబెడితే ఆ పిల్ల ఏడవలేదు, గింజుకోలేదు. ముల్లు వెంటనే నిలిచింది. 10 కిలోల 800.

నెలవారీ లెక్కలు చూసుకునే చోట ఒకరు అన్నారు: "రెండొందల గ్రాములేగా అమ్మా. పాత కాటా, స్ప్రింగు సాగి ఉంటుంది. పాత తూకమే వేసెయ్. పసుపులో ఒకటి ఎక్కువైతే నీకే తలనొప్పి."

దీదీ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే ముందు నన్ను ఖాళీగా వేలాడదీసి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసింది. వెంట్రుకవాసి పక్కకి ఉంటే పై మర తిప్పి సరిచేసింది. తర్వాత కిరాణా కొట్టులో కొన్న కిలో ఉప్పు ప్యాకెట్టు, విప్పకుండా, కొక్కేనికి తగిలించింది. ముల్లు ఒకటి మీద నిలిచింది. ఇంకో ప్యాకెట్టు తగిలించింది. రెండు. ఇంకా ఇంకా తగిలించి, ప్రతిసారీ కళ్లు నా ముఖానికి ఎదురుగా తెచ్చి చదివింది. నేను తప్పు చెప్పలేదు. అప్పుడా పిల్లని పిలిపించి మళ్లీ తూచింది. అదే తూకం. రిజిస్టర్లో 10.8 అని రాసి, చార్టు మీద పసుపులో చుక్క పెట్టింది. ముల్లు ఉన్నచోటే చదివే చెయ్యి ఉంటేనే నా పనికి విలువ. ఆమె చేతిలో ఉన్నందుకు నేను గర్వపడుతున్నాను.

ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంటికి వెళ్లొచ్చి పెద్దమ్మతో చెప్పింది. మిర్చి చేనుకి కూతవేటు దూరంలోనే ఆంగన్‌వాడీ ఉందట. పిల్లలు గుడ్డు తింటూ బయటికి రావడం తల్లి రోజూ చూసేదట. "మరి పంపలేకపోయావా వదినా?" అని దీదీ అడిగితే, "అది వాళ్ల ఊరి పిల్లలది కదా, మన పేరు ఉండదుగా" అందట.

1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన పథకం ఈ ఆంగన్‌వాడీలది. ఆరేళ్లలోపు ప్రతి బిడ్డకీ ఇది దక్కాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2013 ఆహార భద్రతా చట్టం బిడ్డకి రోజూ 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్ హక్కుగా రాసిచ్చింది. సొంత ఊళ్లో ఉంటేనే ఆకలి తీర్చండని ఆ చట్టంలో ఎక్కడా లేదు. వలసపోయిన బిడ్డ పేరును ఒక కేంద్రంనుంచి ఇంకో కేంద్రానికి మార్చే వీలు దీదీ చేతిలోని ఫోనులోనే ఉంది. తల్లికి ఆ సంగతి తెలియాలి, అవతలి ఊరివాళ్లు రమ్మనాలి. మిరపకాయ గిట్టుబాటు ధర గురించి తెలుగునాట మాట్లాడనివాళ్లు ఉండరు. ఆ కాయ ఏరిన చేతుల పక్కనే ఉన్న పసిబిడ్డల తూకం కూడా ఆ లెక్కలోదే అని నేను అంటాను.

తర్వాతి జనవరిలో ట్రాక్టర్లు రాకముందే దీదీ ఊరంతా తిరిగింది. పోబోయే ప్రతి బిడ్డనీ తూచింది. ఒక్కో చీటీ మీద బిడ్డ పేరు, వయసు, తూకం, వేసిన టీకాలు, తన ఫోను నెంబరు తెలుగులో రాసి తల్లుల కొంగున కట్టించింది. రాతలో కొన్ని ఒత్తులు తప్పిపోయాయి గానీ చదవడానికి ఇబ్బంది లేదు. మేస్త్రీ దగ్గర చేను ఏ ఊళ్లోనో కనుక్కుని, తెలిసినవాళ్ల ద్వారా ఆ ఊరి ఆంగన్‌వాడీ టీచరు నెంబరు సంపాదించి, గట్టు ఎక్కి ఫోను చేసింది. "అక్కా, మా పిల్లలు మీ ఊరు వస్తున్నారు. పూటకి కూచోబెట్టుకోండి అక్కా" అని అడుగుతుంటే ఆమె గొంతు వణికింది. అవతల ఆమె వెంటనే ఒప్పుకోలేదట. సరుకు లెక్క ప్రకారమే వస్తుంది కదా, అడిగి చెబుతానన్నదట.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. సిగ్నలు ఎలా అందిందో గానీ వసారాలోనే మాట వినబడింది. దీదీ స్పీకరు పెట్టింది.

"మీ పిల్లని తూచానమ్మా. పన్నెండున్నర. రోజూ వస్తోంది, గుడ్డు ఒలిచిస్తే తినదు, తనే ఒలుచుకుంటానంటుంది."

జనవరిలో నేను చూపింది 12 కిలోల 400. దీదీ వెంటనే రిజిస్టరు తెరిచింది.

"ఇంకో మాట" అంది అవతలి గొంతు. "పక్క చేలో మీ వైపు పిల్లలే ఇంకా పదిమంది దాకా ఉన్నారు. వాళ్ల దగ్గర చీటీల్లేవు. ఎవరి తాలూకో తెలియడం లేదు."

"ఏ ఊరో అడుగు అక్కా" అంది దీదీ, కలం అందుకుంటూ. "ఊరి పేరు చెబితే చాలు, వాళ్ల దీదీ ఎవరో నేను వెతికి పట్టుకుంటాను."