దున్నపోతు మీద వాన

మాట వినని పిల్లలను "దున్నపోతు మీద వాన కురిసినట్టే" అని తిడతారు కదా, ఆ సామెత కట్టినవాడు మా జాతిని ఒక్కమాటైనా అడగలేదు. వానలో మేం కదలకుండా నిలబడేది బుర్ర లేక కాదు నాయనా, ప్రాణానికి హాయిగా ఉండి!

నేను ముర్రా గేదెను. మా వంశం హర్యానాది, నేను పుట్టి పెరిగింది కృష్ణా డెల్టాలో. ఎండైనా మంచైనా నా ఒంటి వేడి 101 డిగ్రీల ఫారన్‌హీట్‌కు కాస్త అటూ ఇటూగా నిలవాలి. ఆ వేడి నేను తిన్న మేతలోంచే పుడుతుంది. నా పెద్ద కడుపులో సూక్ష్మజీవులు ఎండుగడ్డిని పులియబెడుతుంటే లోపల పొయ్యి రాజుకున్నట్టే. పుష్యమాసంలో నాకదే దుప్పటి. చాలకపోతే వణుకుతాను, కండరాలు ఆడి మరికాస్త వేడి పుట్టిస్తాయి.

చిక్కంతా రోహిణి కార్తెలో. లోపలి పొయ్యి ఆరదు. మెదడు అడుగున హైపోథలామస్ అనే చిన్న భాగం వేడిని పసిగట్టి, చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుందట. పశువుల డాక్టరుగారు చెబుతుంటే విన్నాను. నెత్తురు వేడిని తోలు దాకా మోసుకొస్తుంది, సరే. అక్కడినుంచి పోవాలంటే చెమట పట్టి ఆరాలి. ఆవుతో పోలిస్తే నాకు చెమట గ్రంథులు బాగా తక్కువ. పైగా నల్ల తోలు, పల్చటి వెంట్రుకలు. అందుకే చెరువు, అందుకే బురద. ఒంటికి పట్టిన బురద మెల్లగా ఆరుతూ చాలాసేపు చల్లబరుస్తుంది. మీరు దాన్ని మురికన్నారు.

మా చెరువు పూడ్చి ప్లాట్లు వేశారు. ఒకప్పుడు నా వీపెక్కి ఆ చెరువులో దిగిన కుర్రాడు ఇప్పుడు ఏసీ గదిలో పడుకుంటాడు. గదిలో వేడిని అది బయటికి తోస్తుంది, ఆ గాలి సరిగ్గా నా రేకుల షెడ్డులోకే కొడుతుంది! రొప్పుతాను. తింటే వేడి పెరుగుతుందని మేత తగ్గిస్తాను, దాంతో పాలూ తగ్గుతాయి. "దీని పనైపోయింది, తవుడు దండగ" అంటాడు మా ఆసామి. నిరుడు నా జోడుదాన్నీ అలాగే అని సంతకు తోలాడు. అమ్మేవాడు పలుపు ఇవ్వకూడదట, అది ఇంకా గుంజకే వేలాడుతోంది.

మధ్యాహ్నం రెండింటికి నా వీపు మీద నాలుగు బకెట్ల నీళ్లు పొయ్యండి. కదలకుండా నిలబడతాను. కావాలంటే అప్పుడు కూడా సామెత చెప్పుకోండి.