సభాపతి గారి రెండు గడియారాలు

స్పీకర్ కుర్చీ ఎక్కినవారు మళ్లీ ఎన్నికల్లో గెలవరని మన రెండు రాష్ట్రాల్లో ఓ గట్టి నమ్మకం. ప్రతిభా భారతి, సురేశ్‌రెడ్డి, నాదెండ్ల మనోహర్, మధుసూదనాచారి, కోడెల, తమ్మినేని... ఓడినవారి జాబితా చూస్తే హేతువాదులు కూడా ఓసారి పంచాంగం తిరగేస్తారు. ఆ కుర్చీ ఎక్కాక కూడా, 2023లో బాన్సువాడ నుంచి మళ్లీ గెలిచి ఆ శాపాన్ని తెంచిన ఘనులు పోచారం శ్రీనివాసరెడ్డి గారు. కాకపోతే కుర్చీ దోషం కాస్తా పార్టీకి చుట్టుకుంది. ఆయన గెలిచారు, బీఆర్ఎస్ ఓడింది.

కాంగ్రెస్‌లో మొదలై, తెలుగుదేశంలో మంత్రి అయి, 2011లో టీఆర్ఎస్‌కు (ఇప్పటి బీఆర్ఎస్‌కు) వచ్చిన పెద్దాయన. అప్పుడు ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, ఉప ఎన్నికలో గెలిచి మరీ వచ్చారు. పాతకాలం పద్ధతి. ఖర్చూ ఎక్కువ, గుండెదడా ఎక్కువ. తర్వాత వ్యవసాయ మంత్రి అయ్యారు, 2019 జనవరిలో ఏకగ్రీవంగా సభాపతి అయ్యారు. కేసీఆర్ ఆయన్ను లక్ష్మీపుత్రుడు అనేవారు. లక్ష్మి చంచల అని పెద్దలే చెప్పారు కదా, ఇక పుత్రుణ్ని అనుకుని ఏం లాభం?

కొత్త పద్ధతి ఏమిటో ఆయన సభాపతిగా ఉండగానే తేలింది. 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచింది 19 మంది. అనర్హత తగలకుండా టీఆర్ఎస్‌లో విలీనం కావాలంటే మూడింట రెండొంతులు, అంటే 13 మంది ఉండాలి. 2019 జూన్ 5న ఉత్తమ్‌కుమార్‌రెడ్డి ఎంపీగా గెలిచినందున ఎమ్మెల్యే పదవి వదులుకున్నారు. మిగిలింది 18, కావలసింది 12. మర్నాడే సరిగ్గా 12 మంది అర్జీ పట్టుకొచ్చారు. ఆ రోజే ఆమోదముద్ర పడింది. ఎమ్మార్వో ఆఫీసులో ఆదాయ ధ్రువపత్రం కూడా ఇంత చురుగ్గా చేతికి రాదు. కాంగ్రెస్ గుండెలు బాదుకుంది, గులాబీ దండు చప్పట్లు కొట్టింది.

2024 జూన్ 21న సీన్ తిరగబడింది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి స్వయంగా ఇంటికొచ్చి పోచారం గారికి కండువా కప్పారు. ఆగస్టులో కేబినెట్ హోదాతో వ్యవసాయ సలహాదారు పదవి వచ్చింది. ఈసారి రాజీనామా లేదు, ఉప ఎన్నికా లేదు. విలీనం చేద్దామంటే బీఆర్ఎస్‌కున్న 38 మందిలో 26 మంది కావాలి, గోడ దూకారన్నది పది మందే. అనర్హత పిటిషన్లు స్పీకర్ గడ్డం ప్రసాద్‌కుమార్ గారి బల్ల మీదికి చేరాయి. ఏడాది దాటినా కాగితం కదల్లేదు. చివరికి 2025 జూలై 31న సుప్రీంకోర్టు మూడు నెలల్లో తేల్చమనాల్సి వచ్చింది. ఈసారి గుండెలు బాదుకోవడం గులాబీ వంతు.

తప్పు మనుషులది కాదు లెండి. సభాపతి స్థానం వెనక రెండు గడియారాలుంటాయి. అధికార పక్షంలోకి వచ్చేవారి అర్జీకి ఒకటి, వాళ్ల మీద వచ్చే ఫిర్యాదుకు ఒకటి. మొదటిది పరుగెడుతుంది, రెండోదానికి కీ ఇచ్చే నాథుడుండడు. ప్రభుత్వం మారితే కుర్చీలో మనిషి మారతాడు, గడియారాలు మాత్రం అవే.

బాన్సువాడ ఓటరు కాంగ్రెస్ అభ్యర్థిని ఓడిద్దామని వేసిన ఓటు ఏడాది తిరక్కుండానే కాంగ్రెస్ గూటికి చేరింది. ఓటరుకు విలీనం సౌకర్యం లేదు, మనసు మారితే 2028 దాకా ఆగాల్సిందే. పైగా పార్టీ మార్చినందుకు చెరగని సిరా వేలికి పూయించుకునేది మొత్తం ప్రజాస్వామ్యంలో ఆయనొక్కడే.