సున్నా బైట్లు

1998 చలికాలం. కాలిఫోర్నియాలో పిక్సార్ వాళ్లు టాయ్ స్టోరీ 2 తీస్తున్నారు. తీయడమంటే కెమెరాలూ క్లాప్ బోర్డులూ కాదు. ఆ సినిమా అంతా ఫైళ్లే. కౌబాయ్ బొమ్మ వుడీ నెత్తిన టోపీ ఒకచోట, కాలి బూట్లు ఇంకోచోట, గది గోడలు మరోచోట. రెండేళ్ల పని ఒక పెద్ద మిషన్లో ఫోల్డర్లుగా పేర్చి ఉంది. అందరూ తమ డెస్కుల నుంచి అందులోకే వెళ్లి పనిచేసేవాళ్లు.

ఒకరోజు ఓరెన్ జేకబ్ అనే టెక్నికల్ డైరెక్టర్ వుడీ ఫోల్డర్ తెరిచి చూస్తున్నాడు. ఫైళ్ల జాబితా వచ్చింది. మళ్లీ అడిగాడు. ఈసారి జాబితా చిన్నగా వచ్చింది. ఇంకోసారి అడిగాడు. ఇంకా చిన్నదైంది. టోపీ పోయింది. బూట్లు పోయాయి. కాసేపటికి వుడీయే లేడు. పక్క ఫోల్డర్లలోనూ అదే వరస.

ఎవరో ఎక్కడో ఒక కమాండ్ కొట్టారు. ఆర్‌ఎం, ఒక అడ్డగీత, ఆర్, ఎఫ్, చివర ఒక నక్షత్రం గుర్తు. యూనిక్స్ మిషన్ మీద చెయ్యి పెట్టినవాళ్లకి ఎవరో ఒక పెద్దవాడు మొదటి వారంలోనే దీని గురించి హెచ్చరిస్తాడు. ఆర్‌ఎం అంటే తీసెయ్. ఆర్ అంటే లోపలి ఫోల్డర్లలోకీ దిగు. ఎఫ్ అంటే నన్నేమీ అడక్కు. నక్షత్రం అంటే ఇక్కడ ఏముంటే అది. అనుకున్న ఫోల్డర్లో ఉండి కొడితే చెత్త పోతుంది. రెండు మెట్లు పైన ఉండి కొడితే ఉన్నదంతా పోతుంది. తీసేసినవి దాచిపెట్టే రీసైకిల్ బిన్ అక్కడ ఉండదు. ఏ ఫోల్డర్లో ఉన్నామో చెప్పే కమాండ్ ఒకటుంది, పీడబ్ల్యూడీ. మూడక్షరాలు. ఎంటర్ నొక్కాక గుర్తొచ్చే కమాండ్ అది.

జేకబ్ మిషన్ల గదికి ఫోన్ చేశాడు. టాయ్ స్టోరీ 2 మిషన్ ప్లగ్ పీకెయ్యమన్నాడు. అవతలి మనిషి ఎందుకని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. నడుస్తున్న సర్వర్ ప్లగ్ పీకడానికి సిస్టమ్స్ వాళ్లెవరికీ చేతులు రావు. జేకబ్ అరిచాడు. ప్లగ్ పీకారు.

మిషన్ మళ్లీ లేచేసరికి సినిమాలో 90 శాతం లేదు.

బ్యాకప్ ఉంది. ఇలాంటి రోజు కోసమేగా బ్యాకప్. టేపుల మీంచి ఎక్కించారు. చూడ్డానికి బాగానే ఉంది. అందరూ తిరిగి పనిలో పడ్డారు. కొన్నాళ్లు గడిచాక ఒక్కొక్కటే బయటపడింది. ఈ ఫైలు పాతది. ఆ ఫైలు సగమే ఉంది. ఇంకోటి అసలు లేదు. అప్పుడు వెళ్లి తవ్వితే తేలింది, దాదాపు నెల రోజులుగా బ్యాకప్ సరిగ్గా పడడమే లేదని.

మరి ఎవరికీ ఎందుకు తెలియలేదు? బ్యాకప్ పడే చోటు నిండిపోయింది. అది వింతేమీ కాదు, డిస్కులన్నాక నిండుతాయి. నిండితే చెప్పడానికి ఎర్రర్ లాగ్ అని ఒక ఫైలుంటుంది. ఏ ఫైలు ఎక్కలేదో, ఎందుకు ఎక్కలేదో అందులో వరసగా పడుతుంది. సిస్టమ్స్ మనిషి దాన్ని తెరిచి చూస్తాడు. ఏమైనా ఉంటే ఆ పని చూసుకుంటాడు. లేకపోతే వేరే పని చూసుకుంటాడు.

ఆ లాగ్ కూడా నిండిపోయిన ఆ చోటే ఉంది.

చోటు లేదని రాయడానికి చోటు లేదు. డిస్కు పూర్తిగా నిండినా చాలాసార్లు ఫైలు పేరు మాత్రం పడుతుంది, లోపల అక్షరం పడదు. జాబితాలో చూస్తే లాగ్ ఉంది. దాని పక్కన సైజు ఉంది, సున్నా బైట్లు. అంటే లాగ్ పనిచేస్తోంది, ఎర్రర్లు లేవు. యూనిక్స్‌లో ఏ కమాండైనా పని సవ్యంగా ముగిశాక వెనక్కి ఇచ్చే అంకె కూడా సున్నాయే. సున్నా కనబడితే ఊపిరి పీల్చుకోవడం ఆ ఉద్యోగంలో అందరికీ అలవాటు. డీఎఫ్ అనే రెండక్షరాల కమాండ్ కొడితే డిస్కు నూటికి నూరు శాతం నిండిందని ఎదురుగా కనబడేది. కానీ లాగ్‌లో ఏమీ లేనప్పుడు డీఎఫ్ ఎవరు కొడతారు?

మీటింగ్ పెట్టారు. పోయినదంతా మళ్లీ తయారు చెయ్యాలంటే 30 మందికి ఒక ఏడాది పడుతుందని లెక్క తేలింది. రిలీజుకి అంత టైము లేదు. ఎవరి దగ్గరా మాట లేదు.

అప్పుడు గేలిన్ సస్‌మన్ నోరు విప్పింది. ఆమె ఆ సినిమాకి సూపర్వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్. ఆమధ్యే పురుడు పోసుకుంది. చంటివాణ్ణి చూసుకుంటూ ఇంటి నుంచి పనిచేద్దామని ఆఫీసు మిషన్ ఒకటి ఇంట్లో పెట్టించుకుంది. సినిమా మొత్తం వారానికోసారి దానంతటదే ఆ మిషన్‌లోకి కాపీ అయ్యేలా ఏర్పాటు చేసుకుంది. ఆఫీసు బ్యాకప్పుల పట్టీలో ఆ మిషన్ లేదు. అది బాలింత సౌకర్యం కోసం పెట్టింది.

ఆమె, జేకబ్ కలిసి కారులో ఆమె ఇంటికి వెళ్లారు. తీగలు ఊడదీశారు. మిషన్‌కి దుప్పట్లు చుట్టారు. వెనక సీట్లో కూచోబెట్టి సీటు బెల్టు పెట్టారు. ఆ కారు గతుకుల్లో పడకుండా ఎంత నెమ్మదిగా నడిచి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఆఫీసు పార్కింగులో ఎనిమిది మంది ప్లైవుడ్ చెక్క పట్టుకుని ఎదురొచ్చారు. మిషన్‌ని చెక్క మీద దించి, ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు మోసుకుంటూ లోపలికి పోయారు. ప్లగ్ పెట్టారు. వుడీ ఉన్నాడు. టోపీ, బూట్లతో సహా ఉన్నాడు.

అక్కడితో పని అయిపోలేదు. ఇంటి కాపీలో ఒక ఫైలుంటే టేపు మీద అదే పేరుతో ఇంకో ఫైలు ఉంది. రెండిట్లో ఏది అసలుదో చాలావాటికి కంప్యూటర్ తేల్చేసింది. తేల్చలేనివి వేలల్లో మిగిలాయి. వాటిని జనం షిఫ్టులు వేసుకుని ఒక్కొక్కటే తెరిచి కళ్లతో చూసి తేల్చారు. సినిమా నిలబడింది.

నిలబడ్డ సినిమా పెద్దలకి నచ్చలేదు. కథలో పట్టు లేదన్నారు. దాదాపు అంతా పక్కన పడేసి తొమ్మిది నెలల్లో మళ్లీ తీశారు. 1999 నవంబరులో విడుదలైంది. బాగా ఆడింది. కామెడీ, మ్యూజికల్ విభాగంలో ఉత్తమ చిత్రంగా గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది.

ఇంతకీ ఆ కమాండ్ కొట్టిందెవరు? వెతకొద్దని పిక్సార్ పెద్దలు నిర్ణయించారు. కంపెనీని నడిపిన ఎడ్ క్యాట్మల్ 2014లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. పనిచేసేవాడు మంచి ఉద్దేశంతోనే పనిచేస్తాడు, దోషిని పట్టుకుంటే ఒరిగేదేమీ లేదు అన్నది ఆయన వాదన. బ్యాకప్ పద్ధతి బాగు చేశారు. తుడిచే కమాండ్ అంత తేలిగ్గా చేతికందకుండా చేశారు. ఎవరి మీదా ఈగ వాలలేదు. చదివినవాళ్లు మేనేజర్లంటే ఇలా ఉండాలన్నారు.

2006లో పిక్సార్‌ని డిస్నీ కొనేసింది. 2022లో టాయ్ స్టోరీలోని బజ్ బొమ్మకి మూలమైన పాత్రని హీరోని చేసి లైట్‌ఇయర్ అనే సినిమా తీశారు. ఖర్చు 20 కోట్ల డాలర్లు. ప్రపంచమంతా కలిపి గ్రాస్ 22 కోట్ల చిల్లర. థియేటర్ల వాటా, పబ్లిసిటీ ఖర్చు తీసేస్తే మిగిలింది నష్టం. మరుసటి ఏడాది డిస్నీ పొదుపు లెక్క వేసింది. మొత్తం 550 కోట్ల డాలర్లు మిగల్చాలి, 7,000 ఉద్యోగాలు తగ్గించాలి. అందులో పిక్సార్ వంతుకి మే నెలలో 75 వచ్చాయి.

1998లో ఆ కమాండ్ కొట్టిన మనిషి ఆ 75 మందిలో ఉన్నదీ లేనిదీ చెప్పే వీల్లేదు. లైట్‌ఇయర్ దర్శకుడు ఉన్నాడు. నిర్మాత ఉంది. నిర్మాత పేరు గేలిన్ సస్‌మన్.