కరక్కాయ ఊళ్లో బోర్డో వైన్

ఫ్రాన్స్ నుంచి బామ్మర్ది బట్టల మధ్య చుట్టి తెచ్చిన సీసాను వెంటనే తెరవకండి. ముందు చీటీ చదవండి. దానిమీద 2013 అనో 2021 అనో ఉంటే మీమీద అతనికెంత గౌరవమో తేలిపోతుంది. 2013లో బోర్డోలో చలికీ వానలకీ పూత నిలవలేదు, కోతవేళకు కాయ కుళ్లింది. 2021 ఏప్రిల్‌లో మంచు దెబ్బకు ఫ్రాన్స్‌లో చాలాచోట్ల చిగుళ్లు మాడిపోయాయి. ఇవన్నీ తెలిసినట్టు కనబడకుండా "ఆహా, 2013!" అనండి చాలు.

రెడ్ వైన్ గది వేడిలోనే తాగాలంటారు. ఆ గది పాతకాలపు యూరప్‌ది, 16, 18 డిగ్రీలది. మే నెలలో కాళహస్తి మిద్దెమీద గదిలో సీసాకన్నా ముందు మీరు ఉడుకుతారు. అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. బామ్మర్ది గొణిగితే తలుపు తీసి చూపించి, "మా ఇంట్లో యూరప్ గది ఇదే" అనండి.

గ్లాసు తిప్పి వాసన చూడండి. క్యాప్సికం కోసినట్టుంటే కంగారొద్దు. కాబెర్నే ద్రాక్ష సరిగా పండకపోతే వచ్చే వాసనే అది. దాన్ని "మూలికల ఛాయ" అనాలి. పచ్చిమిరపకాయ అన్నారో, పరువు పోతుంది.

వగరు దగ్గర మాత్రం ఎవరి మాటా వినకండి. ఆ విద్య మన కాళహస్తిది. కలంకారీకి బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపి నానబెట్టి ఎండేస్తారు. ఇనుప తుక్కునూ బెల్లాన్నీ నీళ్లలో పులియబెట్టిన కసింలో వెదురు కలం ముంచి గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌కు ఇనుము తగిలి వచ్చే నలుపది. వైన్‌లో నోరు పట్టేసేదీ టానినే, ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి దిగుతుంది. కాయ పండని ఏడాది అది చిగుళ్లను గీరుతుంది. "నిర్మాణం గట్టిగా ఉంది బావా" అని బామ్మర్ది అంటే, మింగాక నాలుకతో పళ్లు తడుముకోండి. గరుకుగా ఉంటే అది నిర్మాణం కాదు, కరక్కాయే.

కాయ పండని ఏడాది తీపి చాలని ద్రాక్షరసంలో చక్కెర కలిపి పులియబెట్టడం బోర్డోలో చట్టం ఒప్పుకున్న పనే. తీపికి కాదు, మత్తుకు. నెపోలియన్ మంత్రి షాప్తాల్ పేరే దానికి పెట్టారు. కసింలో బెల్లం వేసే మనవాళ్లకు ఏ మంత్రీ దొరకలేదు.

సీసా బాగాలేదని రుజువు చేయాలంటే సంగటి, నాటుకోడి పులుసు వడ్డించండి. కారానికి వగరు రెచ్చిపోతుంది. బాగుందనిపించాలంటే కారం తగ్గించి, కొవ్వున్న పొట్టేలు వేపుడు పెట్టండి. అటకమీద దాచే ఆలోచన మాత్రం వద్దు. ఇలాంటివి త్వరగా తాగేయాల్సినవే. నన్నడిగితే, పేరున్న తోట చెడ్డ ఏడాది సీసా ఊరూపేరూ లేని తోట గొప్ప ఏడాది సీసాకన్నా నయం.

ఇక మార్కులు. అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్కలో 50తోనే మొదలు, అంటే సీసాగా పుట్టినందుకే సగం వచ్చేసినట్టు. మీరు 74 వేయండి. ధర చెప్పాక 85 చేయండి. వాళ్లక్క, అంటే మీ ఆవిడ, గుమ్మంలో నిలబడి వింటోందంటే 90కి తగ్గొద్దు.