చిలక్కొయ్య మీది కంబడి

నన్ను పుస్తకాల్లో కంబళి అంటారు. మా సీమలో కంబడి. ఎన్నో గొర్రెల వీపుల మీద పెరిగిన నల్ల ఉన్నిని కత్తిరించి, ఏకి, వడికి, అనంతపురం వైపు ఒక కురువల ఇంట్లో మగ్గం మీద నన్ను నేశారు. నేత ముగిశాక చింతగింజల గంజి పట్టించారు. ఆ గంజి బిగువుకు వానచినుకు నా మీద నిలవక జారిపోయేది.

కమలాపురం దగ్గరి పల్లెలో గొర్లు కాసే పెద్దాయన భుజమే నా తొలి ఇల్లు. పగలు ఎండకు గొడుగును, రాత్రి చలికి పరుపును, వానొస్తే కొప్పెరను. నా ఒక మూలను మడిచి తల మీదుగా దిగేసుకుంటే ఆయనకు కళ్లు తప్ప ఏదీ తడిసేది కాదు.

వరికోతలు కాగానే కే.సి. (కర్నూలు-కడప) కాలువ కింద పొలాలకు మందను తోలేవాళ్లం. చుట్టూ వల కట్టి రాత్రికి ఒక చేనులో మంద నిలిపేవాళ్లం. గొర్ల పెంట, ఉచ్చ ఆ నేలకు ఎరువు. బదులుగా రైతు గింజలో, డబ్బులో ఇచ్చేవాడు. తెల్లారితే ఇంకో చేను, ఇంకో ఆకాశం. ఆరుబయట పడుకోవడం మాకు బతుకుతెరువు.

ఆ కాలువను మొదట పడవల కోసం కూడా తవ్వారు. తుంగభద్ర మీది సుంకేసుల నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని మొదలుపెట్టింది, 1870 నాటికి ముగించింది. అనుకున్న రాబడి రాలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. రైలుతో పడవ పోటీ పడలేకపోయింది. నేను వచ్చేసరికి పడవల మాట లేదు, నీళ్లు మాత్రం పారుతున్నాయి. ఆ నీళ్లతోనే పైరు, ఆ పైరు కోసిన మోళ్లలోనే మా గొర్లకు మేత.

గట్టు పక్కన ఈతాకుల కొట్టంలో కల్లంగడి ఉండేది. పొద్దు గూకితే కాపరులు, కోతకూలీలు అక్కడ చేరేవాళ్లు. ఏ ఊరి కింద నీళ్లు అందలేదు, ఎక్కడ గడ్డి పచ్చగా ఉంది, ఎవరి మందకు గాలికుంటు సోకింది - అన్ని కబుర్లూ ఆ కొట్టంలోనే తెలిసేవి. ఆ మాటలన్నీ పెద్దాయన ఒళ్లో కూర్చుని విన్నాను.

ఆయన పోయాక గొర్లను అమ్మేశారు. తలుపు పక్క చిలక్కొయ్యకు వేలాడే నన్ను ఆయన ఇల్లాలు జేజి వేపాకు చుట్టి అటకెక్కించింది. ఏళ్లు గడిచాయి.

మొన్న సంక్రాంతి దాటిన శనివారం మనవడు నన్ను దించాడు. బెంగళూరులో ఉద్యోగం. ఇద్దరు స్నేహితులను, ఒక నైలాన్ గుడారాన్ని వెంటబెట్టుకొచ్చాడు. కాలువ పక్కన ఒక రాత్రి గడపాలని వాళ్ల ముచ్చట.

"ఏటి పక్కన మాత్రం పండుకోవద్దు నాయనా," అంది జేజి. "2021లో పాపాఘ్నికి ఎంత నీళ్లొచ్చెనో చూసినావు గదా, వంతెనే కూలిపాయె. ఈ కంబడి ఎత్తుకపో. మంచు పడతాది."

కల్లంగడి ఉన్న చోట ఇప్పుడు టీ అంగడి. పిల్లలు అక్కడ మిరపకాయ బజ్జీలు తిని, గట్టు దిగి, పల్లంలో గుడారం వేశారు. అంగడి దీపం ఆరింది. కాలువ చప్పుడు ఒక్కటే మిగిలింది.

నడిజాముకు గుడారం లోపల చినుకులు మొదలయ్యాయి. బయట వాన లేదు. వాళ్ల ఊపిరిలోని తేమే చల్లటి నైలాన్‌కు తగిలి, నీరై, ముఖాల మీద పడుతోంది. మనవడు వణుకుతూ నన్ను విప్పాడు. ఉన్ని తేమ పీల్చుకుంటుంది, అయినా వెచ్చదనం వదలదు. ముగ్గురికీ చాలలేదు, ముగ్గురూ చాలినంత కప్పుకున్నారు.

పక్క చేనులో మంద నిలిపిన ముసలి కాపరి టార్చి వేసుకుంటూ వచ్చాడు. వెలుగు నా అంచు మీద ఆగింది.

"ఎవురిది అబ్బోడా ఈ కంబడి?"

"మా అబ్బది, తాతా."

"గొర్లు కాసే ఇంటోనివి, పల్లంలో పండుకుంటివే! చలంతా ఈడికే దిగుతాది. మిట్టకు రాండి."

చల్లగాలి బరువైంది, నీళ్లలాగే పల్లం వెతుక్కుంటుంది. నా పెద్దాయన ఏనాడూ పల్లంలో పడుకోలేదు. గాలి ఎటు నుంచి వస్తుందో చూసి మంట వేసేవాడు. ఆ చదువంతా నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు. ఆ రాత్రి ముసలాయన నా నోరయ్యాడు.

మిట్ట మీద మంట చుట్టూ కూర్చున్నారు. మంద నిలిపే లెక్క, నక్షత్రాలు చూసి జాము చెప్పడం - మనవడు అడుగుతూనే ఉన్నాడు. తెల్లవారుజామున పొగమంచు కమ్మింది. ముసలాయన నా మూల పట్టుకుని, "ఇట్ల మడుసు, ఇట్ల దిగెయ్యి," అంటూ కొప్పెర పెట్టడం నేర్పాడు. రెండుసార్లు జారిపోయాను. మూడోసారి ఆ తల మీద సరిగ్గా కూర్చున్నాను.

గుడారం సంచిలోకి పోయింది. నేను కొప్పెరగానే ఇంటికి వచ్చాను. వాకిట్లో జేజి చీపురు పట్టుకుని చాలాసేపు అట్లే నిలబడింది. తర్వాత నన్ను తీసుకుని, మంచు దులిపి, ఎండకు ఆరబెట్టింది.

సాయంత్రం నేను అటక వైపు చూశాను. జేజి మాత్రం తలుపు పక్క చిలక్కొయ్యకు తగిలించింది.